పికప్పు అడుగు బల్లలు

జూన్ పదకొండు, మంగళవారం, ఉదయం ఏడుంబావు. షెడ్డులో ఉన్న మా పాత పికప్పు మీద టార్పాలిన్ తొలగించి, వెనక బాడీలోకి ఎక్కి మూడో అడుగు వేశాను. బల్ల విరిగి కుడికాలు మోకాలి దాకా కిందికి దిగబడింది.

లాగితే రాలేదు. విరిగిన బల్ల పేళ్లు కిందికి వంగి ఉన్నాయి. కాలు దిగడానికి దారి ఇచ్చాయి గాని పైకి రావడానికి ఇవ్వలేదు. చీర కుచ్చిళ్లు కూడా వాటికే పట్టుకున్నాయి. నాకు డెబ్బై రెండేళ్లు. ఒంటికాలి మీద బలం వేసి లేచే వయసు కాదు. బాడీ పక్కబల్ల పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఎదురుగా అరుగు మీద, చక్రాల కుర్చీలో మావారు ఉన్నారు. నన్ను చూస్తూనే ఉన్నారు.

"ఏవండీ, ఎవరినైనా పిలవండి" అన్నాను. అనేశాక గుర్తొచ్చింది.

"ఆయ్" అన్నారాయన.

ఫిబ్రవరి ఇరవైన ఆయనకు పక్షవాతం వచ్చింది. రెండు వేళ్ల కదలిక తప్ప కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. మాటల్లో ఒక్క 'ఆయ్' మాత్రం మిగిలింది. మా వైపు మనిషి రోజంతా ఊరికే అనే మాట అది. మంచినీళ్లు కావాలా అంటే ఆయ్. వద్దా అంటే ఆయ్. కావాలో వద్దో ఆయన కన్ను చూసి, ఎడమచెయ్యి చూసి నేనే తేల్చుకోవాలి. ఆ పూట ఆయన ఎడమచేత్తో కుర్చీ చక్రం తిప్పబోయారు. కుర్చీ గుండ్రంగా తిరిగి గోడవైపుకు పోయింది. తర్వాత ఆయనకు గోడ, నాకు ఆయన వీపు కనిపిస్తూ ఉన్నాయి.

పక్కింట్లో ఉండే మా మరిది కొబ్బరి దింపు కూలీల సంగతి చెప్పడానికి ఎనిమిదింటికి వచ్చాడు. నేను కాపురానికి వచ్చేసరికి నాలుగో క్లాసు చదువుతున్నవాడు. ఇప్పుడు అరవై దాటాడు. రంపం తెచ్చి పేళ్లు కోసి కాలు బయటికి తీశాడు.

"అన్నయ్య ఎక్కక ముందే మిమ్మల్ని పట్టుకుంది వదినగారూ" అన్నాడు. "అసలీ తుక్కులోకి ఎందుకెక్కేరు?"

ఎందుకు ఎక్కానో వాడికీ తెలుసు. అమలాపురంలో నరాల డాక్టరుగారు ఆయన్ను చూసి, మొదటి ఆరు నెలలే ముఖ్యమనీ, వారానికి మూడుసార్లు ఎక్సర్‌సైజులు చేయించే చోటికి తీసుకువస్తే కర్ర పట్టుకుని నడవవచ్చనీ చెప్పారు. ఆ తర్వాత కండరాలు బిగుసుకుపోతే ఎంత చేయించినా పెద్దగా ఫలితం ఉండదన్నారు. ఆరు నెలలంటే ఆగస్టు ఇరవై. ఇంటికి వచ్చి చేయించే అబ్బాయి రెండుసార్లు వచ్చి, దూరమని మానేశాడు. ఆటోలో ఆయన కుడికాలు మడత పడదు. కారులో ఒకసారి తీసుకువెళ్లాం. దించేటప్పుడు కాలు తలుపు సందులో ఇరుక్కుంది. నలుగురు చూస్తుండగా ఆయన ఏడ్చారు. పెళ్లయి యాభై ఒక్క ఏళ్లలో నేను చూసిన మొదటి ఏడుపు అది. తర్వాత కారు గేటు దగ్గర ఆగితే చాలు, తల గోడవైపుకు తిప్పేసుకునేవారు.

అందుకని నేను వేసుకున్న లెక్క ఇది. కుర్చీలోంచి దించకుండా, కుర్చీతో సహా బాడీలోకి ఎక్కించాలి. పికప్పు ఆయనదే. జీపు ముక్కు, వెనక చెక్క బాడీ ఉన్న బండి. నలభై ఏళ్లు దాని మీద కొబ్బరికాయలు, వాటి పీచు డొక్కలు, ధాన్యం తోలారు. ఇంజన్ ఇప్పటికీ బాగుంది. అడుగే పోయింది. అడుగు వేయిస్తే ఆయన ఇంట్లోంచి బయటపడతారు. ఆయన బయటపడితే నేనూ బయటపడతాను. నాలుగు నెలలుగా నేను దాటిన దూరం వీధి చివర మందుల షాపు దాకానే.

మా వడ్రంగి మర్నాడు వచ్చి కిందికి దూరి చూశాడు. మద్ది బల్లలు తొమ్మిదింటిలో అయిదు పోయాయి. తడి డొక్కల చెమ్మ, ఉప్పుగాలి కలిసి చక్రాల మీది భాగమంతా తినేశాయి.

"నాలుగు బల్లలు ఇంకా ఉక్కులా ఉన్నాయండి అమ్మగారూ. పోయినవే మారిస్తే సరిపోద్దండి."

"అన్నీ మార్చాలి" అన్నాను.

"ఎందుకండీ, డబ్బు దండగ."

కారణం అతనికి చెప్పలేదు గాని, ఊళ్లో అందరికీ తెలిసినదే. కాకినాడలోనో అమలాపురంలోనో మా వీధివాళ్లెవరైనా ఆస్పత్రిలో పోతే, ఇంటికి తెచ్చేది ఆ పికప్పే. దానికి మావారు కిరాయి పుచ్చుకునేవారు కాదు. తల ఇంజన్ వైపు, కాళ్లు వెనక్కి వచ్చేలా ఆయనే పడుకోబెట్టేవారు. దారిలో హారన్ కొట్టేవారు కాదు. వచ్చాక పసుపునీళ్లతో బల్లలు కడిగి, ముందు చక్రం దగ్గర కాయ కొట్టి గాని మళ్లీ లోడు ఎక్కించేవారు కాదు. ఆ బల్లల మీద నేను ఆయన్ను ఎక్కించదలుచుకోలేదు. ఆయనా ఎక్కరు. బల్లలు మారిస్తే ఎక్కుతారని నా నమ్మకం.

ఇక ఏం వేయించాలన్న దగ్గర చిక్కు మొదలైంది.

మా మరిది ఇనుప రేకు అన్నాడు. గళ్లు పొంగించి ఉండే మందపాటి రేకు, లారీల్లో వేసేది. "వెల్డింగు చేయించేస్తే ఒక్కరోజు పని వదినగారూ. మన తర్వాత కూడా ఉంటది."

"మన తర్వాత సంగతి ఎవరడిగారు? ఎండలో కాలుతుంది. గతుకు వస్తే డప్పులా మోగుతుంది. మీ అన్నయ్య తలలో ఇప్పుడే నరం చిట్లింది."

"అయితే ప్లైవుడ్ వేయించండి."

"అంచు తడిస్తే అప్పడంలా విడిపోతుంది. శ్రావణంలో వేసింది కార్తీకానికి ఉండదు."

"మీరు బండికి అడుగు వేయిస్తున్నారా, ఇంటికి గచ్చు చేయిస్తున్నారా?"

తోటలో పడిపోయిన కొబ్బరిచెట్లు రెండున్నాయి. వాటి పైచేవ గట్టిదే గాని ముల్లులా పేళ్లు లేస్తాయి, మేకు కొడితే పగులుతుంది. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి. వాటికి నున్నటి నేల ఉండాలి. అలాగని జారకూడదు. వానకు నీరు నిలవకూడదు. నీరు దిగడానికి సందు వదిలితే చక్రం అందులో పడకూడదు. ఈ నాలుగూ ఒకేసారి కుదిరే సరుకు నాకు కావాలి.

ప్రతి సరుకు ముక్కా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టేదాన్ని. ఇనుము పెట్టి, "ఇది బాగుందాండీ?" అంటే ఆయ్. ప్లైవుడ్ ముక్క పెడితే ఆయ్. కొబ్బరి పెడితే ఆయ్. ఎడమచేతి బొటనవేలితో ఒక్కొక్కటీ రుద్ది చూసేవారు. కళ్లలో కూడా నాకేమీ దొరకలేదు. ఇంట్లో ఏ వస్తువు కొన్నా ఇద్దరం నాలుగు రోజులు వాదించుకునేవాళ్లం. ఇప్పుడు నేను ఏది అన్నా అదే ఖాయం. కాదనేవాళ్లు లేని ఇంట్లో ఒక నిర్ణయం చేయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

పెరట్లో పనసచెట్టు ఉంది. చేవ ఎర్రబడిన చెట్టు. చెదలు పట్టదు, నున్నగా వస్తుంది, తేలిక. జూన్ పదహారు, ఆదివారం కొట్టించాం. సామిల్లులో కోయించిన బల్లలు సాయంత్రానికి వచ్చాయి. పసుపు రంగులో, పచ్చిగా, పాలు కారుతూ ఉన్నాయి.

"రాజమండ్రిలో బట్టీ ఉందండి" అన్నాడు వడ్రంగి. "వారం రోజుల్లో ఆరబెట్టి ఇచ్చేస్తారండి."

బట్టీవాళ్లు ఇంత చిన్న సరుకు తీసుకోము అన్నారు. మరో పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు కలిపి పెడతామన్నారు. అది ఎప్పుడో వాళ్లకే తెలియదు.

"నీడలో పెడితే ఎప్పటికి ఆరతాయి?" అని అడిగాను.

"వచ్చే వేసవికండి."

"నాకు ఆగస్టుకు కావాలి."

"ఆయ్. కర్రకు చెప్పాలండి ఆ మాట" అన్నాడు. ఎగతాళి కాదు. అతనికి నిజంగానే నా మీద జాలి వేసినట్టుంది.

పచ్చి బల్లలను వానకు వదిలేస్తే మెలి తిరిగిపోతాయి. నీడ, గాలి, పొడి నేల, మూడూ ఉన్న చోటు మా ఇంట్లో అరుగొక్కటే. మధ్యమధ్య రీపర్లు పెట్టి, బల్ల మీద బల్ల పేర్చి, పైన బరువుకు రుబ్బురోలు పెట్టించాను. పేర్చాక చూస్తే అరుగు మీద కుర్చీ తిరగడానికి చోటు లేదు. పొద్దున్నే ఆయన వీధి చూసే జాగా పోయింది. కుర్చీ లోపలి గదిలోకి మారింది. అక్కడ కిటికీ ఎత్తులో ఉంటుంది. కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఆకాశం తప్ప ఏమీ కనబడదు. తీసేద్దామంటే మెలి తిరుగుతాయి. ఉంచితే ఆయనకు అరుగు లేదు. బయటికి తీసుకువెళ్లడానికి కొట్టించిన చెట్టు ఆయన్ను ఇంకో గది లోపలికి తోసింది.

చివరికి ఆరిన కర్ర ఎక్కడ దొరుకుతుందంటే, పాత ఇళ్లు విప్పిన కలప అమ్మే చోట. రామచంద్రపురంలో అలాంటి అడితి ఉందని వడ్రంగి చెప్పాడు. జులై మూడు, బుధవారం మా తోటికోడలిని ఆయన దగ్గర కూర్చోబెట్టి వడ్రంగితో బయలుదేరాను.

"మధ్యాహ్నం లోపు వచ్చేయండి అక్కా" అంది తోటికోడలు. "బావగారు నా చేతి అన్నం ముట్టుకోరు. నిన్న ముద్ద పెడితే నోరు బిగించేసేరు."

"ముట్టుకుంటారు. ముందు ఆవకాయ చూపించు" అన్నాను.

ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి కోటిపల్లి వైపు దిగాం. అక్కడి నుంచి వడ్రంగి మోటారు సైకిలు వెనక కూర్చున్నాను. నదిలో కొత్తనీరు ఎర్రగా వస్తోంది. పంటు మీద వేరుశనక్కాయలు కొనుక్కుని తిన్నాను. అవతలి గట్టుకు చేరేదాకా ఇంటి సంగతే గుర్తురాలేదు.

అడితిలో తలుపులు, గుమ్మాలు, దూలాలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఒక మూల, ఎవరి మండువా ఇంటిదో, అటక మీది టేకు బల్లలు. నేను తీసుకెళ్లిన టేపుతో కొలిచాను. మా బండి బాడీ పొడవు ఏడడుగులు. ఆ బల్లలు ఎనిమిదిన్నర. మందం అంగుళమున్నర. ఎన్నాళ్లు అటక మీద ఆరాయో, వేలితో కొడితే గట్టిగా ఒక్క చప్పుడు వచ్చింది. వంకర లేదు, పుచ్చు లేదు.

"అమ్మగారు టేపు తీసేరంటే నా టేపు ఇంటికెళ్లిపోద్దండి" అన్నాడు వడ్రంగి అడితివాడితో.

"ఇన్ని కొలతలు దేనికండీ, గుమ్మానికా, మంచానికా?" అని అడిగాడు అడితివాడు.

"బండికి" అన్నాను.

"పికప్పుకి టేకా" అని మా వడ్రంగి వైపు చూశాడు. వడ్రంగి భుజాలు ఎగరేశాడు.

బల్లలు మర్నాడు పంటు మీదే వచ్చాయి. ఆషాఢం వస్తోంది, కొత్త పని వద్దు, శ్రావణం దాకా ఆగమన్నాడు మరిది. శ్రావణం ఆగస్టు అయిదున వస్తుంది. డాక్టరుగారి లెక్కలో మిగిలేది పదిహేను రోజులు. ఆగలేదు.

అడుగు కట్టడం గురించి మాత్రం నాకు ఏ చింతా లేదు. మధ్యలో అతుకు లేకుండా పొడుగు బల్లలే వేయించాను. ఒక్కొక్క సందు రూపాయి బిళ్ల మందం మించనివ్వలేదు. ఆ సందులోంచి నీరు దిగుతుంది, చక్రం దిగదు. బోల్టుల తలలు బల్లలోకి దింపించాను. కుర్చీ చక్రాలు నిలిచే చోట ఇనుప కొక్కేలు నాలుగు. ఎక్కడానికి మిగిలిన టేకు ముక్కలతో ఏటవాలు బల్ల. రంగు వద్దన్నాను, వేరుశనగ నూనె పట్టించాను. వడ్రంగి ఒక బల్ల తిప్పి వేస్తే విప్పించి మళ్లీ వేయించాను.

"ఇంక ఇందులో కొబ్బరికాయలు ఎక్కించడానికి మనసొప్పదు వదినగారూ" అన్నాడు మరిది. ఎగతాళి చేసే మనిషి ఆ మాట మామూలుగా అన్నాడు.

జులై ఇరవై అయిదు, గురువారం ఉదయం తొమ్మిదింటికి ప్రయాణం. పదిన్నరకు అమలాపురంలో మాకు సమయం ఇచ్చారు. ఆయనకు తల దువ్వి, ఇస్త్రీ చొక్కా తొడిగాను. మరిది, వడ్రంగి కుర్చీని ఏటవాలు బల్ల మీదుగా తోశారు. చక్రాలు చప్పుడు లేకుండా ఎక్కాయి. ఆయన ఎడమచెయ్యి కిందికి వేలాడేసి బల్లను తాకారు. నూనె అంటిన వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"టేకండీ" అన్నాను. "ఇవన్నీ కొత్తవి. పాతది ఒక్కటీ లేదు."

"ఆయ్" అన్నారు. అప్పటిదాకా అంతా సవ్యంగానే ఉంది.

ఎదురుగాలి కొట్టకుండా, వాన జల్లు ముఖాన పడకుండా, కుర్చీ వీపు ఇంజన్ వైపు వచ్చేలా కొక్కేలు పెట్టించాను. నిటారుగా ఎక్కువసేపు కూర్చోలేరు కాబట్టి కుర్చీ వీపు వెనక్కి వాల్చాం. కాళ్లు చాపి ఉన్నాయి. వడ్రంగి కొక్కేలు బిగించాడు. ఆయన తన కాళ్లకేసి చూశారు. కాళ్ల అవతల తెరిచి ఉన్న బాడీ వెనకభాగం, దాని అవతల మా వీధి. తర్వాత తల ఎత్తి వెనక ఇంజన్ వైపు చూడబోయారు. ఎడమచేత్తో పక్కబల్ల పట్టుకుని, ఎడమకాలితో అడుగును తన్నుతూ కుర్చీని కదపడం మొదలుపెట్టారు. మెడ నరాలు పొంగాయి. ఎన్ని అడిగినా ఆయ్ అనలేదు.

నాకు అర్థం కాలేదు. ముందు మరిదికి అర్థమైంది.

"వదినగారూ, తల ఇంజన్ వైపు పెట్టేం" అన్నాడు మెల్లగా. "కాళ్లు వెనక్కి."

ఎంతమందిని ఆయన అలా పడుకోబెట్టారో వాడు పక్కన ఉండి చూశాడు. నేనూ గుమ్మంలోంచి చూశాను. బల్ల మందం చూశాను, సందు చూశాను, చక్రం చూశాను. మనిషిని ఎటు తిప్పి పెడుతున్నానో చూడలేదు. బల్లలు మార్చితే చాలనుకున్నాను. ఆయనకు బల్లలతో పని లేదు.

కొక్కేలు విప్పి కుర్చీ తిప్పాం. వీపు నిటారుగా లేపాం, ముఖం ముందుకు. "అలా కాదండీ, ఇలా. చూడండి, రోడ్డు కనబడుతోంది" అన్నాను. మరిది బండి స్టార్టు చేశాడు. నేను ఆయన పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. బండి గేటు దాటింది. పది బారలు వెళ్లామో లేదో, ఆయన ఎడమచెయ్యి ఎత్తి పక్కబల్ల మీద దబ్‌దబ్‌మని రెండు దెబ్బలు కొట్టారు.

మా వైపు లోడు బండి వెనక ఉన్నవాళ్లు అలా రెండు దెబ్బలు కొడితే ముందు డ్రైవరు ఆపాల్సిందే. ఎందుకని అడగరు. కాయ జారిందో, మనిషి పడ్డాడో, ముందు ఆపి తర్వాత చూస్తారు. నలభై ఏళ్లు ఆ దెబ్బలకు ఆపింది ఆయనే. మరిది కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. పోనివ్వమన్నాను. పోనిచ్చాడు. మళ్లీ రెండు దెబ్బలు. మళ్లీ ఆగింది.

"నావల్ల కాదు వదినగారూ" అన్నాడు వాడు కిందికి దిగి. "అన్నయ్య కొడుతుంటే నేను తోలలేను."

"కాళ్లు పోతాయి, తెలుసా నీకు?"

"తెలుసు. అన్నయ్యకీ తెలుసు. మీరు రోజూ చెబుతున్నారు కదా."

వెనక్కి తెచ్చేశాం. ఆయన దిగాక నా మోచెయ్యి పట్టుకున్నారు. చాలాసేపు వదల్లేదు.

శనివారం మళ్లీ ప్రయత్నించాం. గేటు దాకా కూడా పోలేదు. సోమవారం కుర్చీ ఏటవాలు బల్ల దగ్గరికి తేగానే ఎడమకాలు నేలకు తన్నిపెట్టారు. ముందు సీట్లో కూర్చుంటారాండీ అన్నాను. డ్రైవరు పక్క సీటు ఛాతీ ఎత్తున ఉంటుంది. ఆ సీటు వైపు, తర్వాత తన కాలి వైపు చూశారు. "ఆయ్" అన్నారు. ముగ్గురం ఎత్తి చూశాం. మా చేతుల్లో కాలు మెలిపడింది. దించేశాం. ఆ తర్వాత నేను మరి అడగలేదు. బలవంతాన కట్టి తీసుకువెళ్లవచ్చు. మరిదికి అదే చెబితే వాడు నాకేసి చూసిన చూపు బాగాలేదు. నాకూ బాగాలేదు. ఆ రోజు నుంచి సాయంత్రాలు వచ్చి కూర్చోవడం మానేశాడు.

ఆగస్టు ఇరవై మామూలుగానే వచ్చింది, మంగళవారం. ఆయనకు స్నానం చేయించి, కుడి మడమ కింద నా అరచెయ్యి పెట్టి పైకి తోశాను. పాదం తిరగలేదు. కిటికీ ఉన్న గదిలో ఆయన, గుమ్మంలో పీట మీద నేను. అరుగు మీది పనస బల్లలు ఇంకా ఆరుతున్నాయి. టేకు అడుగు మీద మరిది కాయలు తోలుతున్నాడు. నేనే తోలమన్నాను. షెడ్డులో ఉంచితే రోజూ కనబడుతుంది.

పోయినవి ఇవి. పనసచెట్టు ఒకటి, కాపు మీద ఉన్నది. మద్ది బల్లలు తొమ్మిది, వాటిలో నాలుగు గట్టివి. అరుగు పడమటి వైపు, వచ్చే వేసవి దాకా. మా మరిది మా ఇంటికి వచ్చి కూర్చునే సాయంత్రాలు. ఆయన కుడి మడమ నేలకు ఆనడం. కుడిచేతి వేళ్లలో జూన్ దాకా కదిలిన రెండు. అమలాపురంలో సోమ, గురు, శనివారాల్లో పదిన్నరకు మాకు ఉంచిన సమయం. దాన్ని వేరే వాళ్లకు ఇచ్చేశారు.